నాలుగో బిల్డింగులో జిగట

ఆషాఢం, సోమవారం

ఇవాళ్టి నుంచి వాలు కింద కొట్లో ప్లాస్టిక్ కవరు ఊరికే ఇవ్వరు. కావలసినవాళ్ళు యాభై రూపాయలు పెట్టి కొనుక్కోవాలి. తీర్మానం పెట్టింది నేను, అందరిచేతా చేతులెత్తించింది నేను. అందుకని పొద్దున్నే వెళ్ళి కొట్టు ముందు నిలబడ్డాను. కొట్టు నడిపే త్రినాథరావు మా బిల్డింగువాడే, మొహమాటస్థుడు. ఎవరైనా గట్టిగా బతిమాలితే ఊరికే ఇచ్చేస్తాడని నా అనుమానం.

ఇవ్వలేదు. కానీ అడిగిన ప్రతివాళ్ళకీ గడ్డంతో నన్ను చూపించాడు. "నానేటి సేత్తాను తల్లీ. సెక్రెటరీ గారి రూలు."

జనం నా వైపు చూసి నవ్వారు. అది మంచి నవ్వు కాదు.

మెట్ట కాలనీలో ప్రతి బిల్డింగు సెక్రెటరీ జిగట సంగతి రాసి పెట్టాలని నియమం. రాసింది ఎవరూ చదవరు. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఈ రూలు నేను పదవి చూపించుకోవడానికి తేలేదు. పోయిన ఏడు మూడో బిల్డింగుకి జిగట పట్టింది. ముందు బాల్కనీల్లో ఎగిరి పడ్డ కవర్లకి, తర్వాత వైర్లకి, ఆ తర్వాత నీళ్ళ గొట్టాలకి. ఇప్పుడు ఆ బిల్డింగులో పావురాలు తప్ప ఎవరూ లేరు.

సముద్రంలో చెత్త తినడానికని మనుషులే తయారుచేసిన పురుగది. సముద్రం మా ఊళ్ళ మీదికి వచ్చినప్పుడు దానితోపాటే వచ్చింది. మందపాటి ప్లాస్టిక్ జోలికి తొందరగా పోదు. పల్చటి కవరు దానికి మొదటి ముద్ద. తడిగా ఓ మూల పడి ఉంటే చాలు, గంజి రాసినట్టు జారుడు మొదలవుతుంది. ఒకసారి బలిసిందంటే ఇక దేన్నీ వదలదు.

మా ఆయన పొట్టలోకి వెళ్ళే గొట్టం కూడా ప్లాస్టిక్కే. నా భయం అది.

ఆషాఢం, శుక్రవారం

రూలు పని చేస్తోంది. జిగట చావడానికని కొట్టు గుమ్మం దగ్గర ఎప్పుడూ సున్నపు నీళ్ళు మరిగే గంగాళం ఒకటి ఉంటుంది. జనం వాడిన కవరు తెచ్చి అందులో పడేసి కొత్తది పట్టుకెళ్ళేవాళ్ళు. మొన్నటిదాకా అది కవర్లతో పొంగిపొర్లేది. ఇవాళ తొంగి చూస్తే నీళ్ళు తప్ప ఏమీ లేవు.

"కవరు పడ్డమే మానీసింది," అన్నాడు త్రినాథరావు. "కర్రలు దండగని మంట కూడా తగ్గించీసేను. మీ పున్నెమే."

ఆ మాటలో వెటకారం ఉందో లేదో తేల్చుకోలేకపోయాను. అయినా సంతోషంగానే మెట్లెక్కాను. ఎనిమిది నెలల వానలో గుడ్డ సంచి ఆరదని, కంపు కొడుతుందని మీటింగులో ఎంతమంది గొణిగారు! యాభై రూపాయలనేసరికి అందరికీ గుడ్డ సంచులు గుర్తొచ్చాయి.

ఇంటికి వచ్చేసరికి ఆయన పొట్టలో నీళ్ళు మార్చుకుంటున్నారు. మాది ఉద్దానం. ఈ గోడు మా ఊళ్ళలో కొత్త కాదు. కిడ్నీలు పోయాక మందు నీళ్ళు సంచీలోంచి గొట్టం గుండా పొట్టలోకి ఎక్కించి, కాసేపుంచి దించెయ్యాలి. రోజూ, తప్పకుండా. ఆ పని ఆయన పూజలా చేస్తారు. సరంజామా ఉండే బీరువా తలుపు కూడా నన్ను తీయనివ్వరు. చెయ్యి శుభ్రం లేకపోతే పొట్టలో చీము పడుతుందని.

గంగాళం సంగతి చెప్పాను. ఆయన గొట్టం వైపు చూస్తూ, "మంచిదే," అన్నారు.

శ్రావణం, మంగళవారం

రెండో అంతస్తు మెట్ల పక్క వైరు జారుతోంది. వేలు పెట్టి చూశాను. కడిగి మళ్ళీ పెట్టి చూశాను. అనుమానం లేదు. సున్నం కొట్టించాను.

ఇదెలా జరిగింది? కొట్లో కవర్లు అమ్ముడుపోవడం తగ్గింది. గంగాళం ఖాళీ. మా బిల్డింగులో కవర్లే లేనప్పుడు జిగటకి మేత ఎక్కడిది? ఎవరో బయటి నుంచి తెస్తున్నారు. యాభై రూపాయలు మిగుల్చుకోవడానికి రేవులో ఊరికే దొరికే కవర్లు లోపలికి తెస్తున్నారు.

రోజూ రేవుకి వెళ్ళి వచ్చేది ఒక్క పోలమ్మే. ఆమె గుమ్మం సరిగ్గా ఆ వైరు పక్కనే.

శ్రావణం, గురువారం

పోలమ్మ బిల్డింగంతటికీ చేపలమ్ముతుంది. ఆయనకి డాక్టరు చేప మాన్పించిన దగ్గర్నుంచి నేను ఆమె దగ్గర కొనడం లేదు. ఈ వానలో తడి చేపలు దేంట్లో చుట్టి ఇస్తోంది? త్రినాథరావుని అడిగాను. రూలు వచ్చాక ఆమె ఒక్క కవరు కూడా కొనలేదట.

పొద్దున్న ఆమె తలుపు దగ్గర ఆగాను. ఉప్పు చేప వాసన తప్ప ఏమీ తెలియలేదు. వంగి తలుపు కింది సందులోంచి చూడబోతుంటే మెట్ల మీద అలికిడైంది. పోలమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏటొదినా, పిల్లి నాగ వోసన సూత్తన్నావు? సేప కావాలంటే అడగొచ్చు కదా."

"వైరు చూస్తున్నాను."

"వైరు పైనుంది. నువ్వు కిందకి సూత్తన్నావు."

తట్ట దించకుండానే తాళం తీసి లోపలికి పోయింది. తట్ట మీద తార్పాలిన్ గుడ్డ కప్పి ఉంది. ఏముందో కనబడలేదు.

శ్రావణం, ఆదివారం

ఇప్పుడు మూడో అంతస్తు నీళ్ళ గొట్టం. మేము ఉండేది నాలుగో అంతస్తులో.

నాకు తిండి సయించడం లేదు. మెట్ల మీద ఎదురుపడ్డ ప్రతివాళ్ళ చేతులూ చూస్తున్నాను. సంచీ ఎత్తుగా ఉంటే లోపల ఏముందా అని చూస్తున్నాను. పై అంతస్తు అప్పలసూరి నన్ను చూసి కొంగు సర్దుకుంది. ఎందుకు సర్దుకోవాలి? త్రినాథరావు కవర్ల డబ్బులు ఏం చేస్తున్నాడో కూడా అనుమానమే. అడిగితే "మంటకి కర్రలు" అన్నాడు. మంట తగ్గించానన్నది తనే కదా!

ఆయనతో పోలమ్మ సంగతి ఎత్తాను.

"ఆవిడ చెయ్యదు హైమా," అన్నారు.

"మీకెలా తెలుసు?"

"తెలుసు. అంతే."

"అంత ఖచ్చితంగా ఎలా చెబుతున్నారు? మీకేమైనా తెలిసి దాస్తున్నారా?"

ఆయన బీరువా తలుపు మూసి, గొళ్ళెం పెట్టి, పడుకున్నారు. మా పెళ్ళైనప్పటి నుంచి ఆయన నా మాటకి జవాబు చెప్పకుండా అటు తిరిగి పడుకోవడం ఇదే మొదలు.

భాద్రపదం, బుధవారం

మధ్యాహ్నం మూడో అంతస్తులో మీటరు పెట్టె మాడింది. కింది రెండు అంతస్తులకీ కరెంటు లేదు. వైర్ల మీద తొడుగు జారి లోపలి రాగి బయటపడింది. ఎవరికీ ఏమీ కాలేదు, అదృష్టం.

సాయంత్రం మెట్ల మీదే మీటింగు పెట్టాం. అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. కవర్లు పూర్తిగా మానిపించాలని కొందరు, ఈ యాభై రూపాయల గోలే వద్దని కొందరు. ఇంతలో అప్పలసూరి, "సెక్రెటరీ గారికి ఎవరో తెలుసంట కదా. సెప్పరేటి?" అంది.

చెప్పేశాను. పేరు పెట్టి చెప్పేశాను. రేవు నుంచి కవర్లు తెస్తోందని, తట్ట మీద గుడ్డ ఎందుకు కప్పుతుందో అడగమని, ఆమె గుమ్మం దగ్గరే జిగట మొదలైందని. చెబుతుంటే నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. ఒక్కొక్కరూ పోలమ్మ పక్కనుంచి కొంచెం కొంచెంగా జరిగారు.

పోలమ్మ ఏడవలేదు, అరవలేదు.

"సరే. నా ఇల్లు సోదా సేసుకోండి. ఇప్పుడే సేసుకోండి," అంది. "కానైతే నా ఒక్క ఇల్లే కాదు. అందరిల్లూ సెయ్యాల. సెక్రెటరీ గారిల్లు కూడాను."

వదినా అనలేదు. సెక్రెటరీ గారు అంది.

"చేద్దాం," అన్నాను. నాకు భయమేముంది?

భాద్రపదం, గురువారం

సోదా పోలమ్మ ఇంటి నుంచే మొదలుపెట్టాం. త్రినాథరావు, నేను, అప్పలసూరి. ఒక గది, వంటిల్లు. తట్ట మీది గుడ్డ తీసి చూశాను. కింద చేపలు, చేపల కింద అడ్డాకులు. గోడ పక్కన అడ్డాకుల కట్టలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. చేపలు వాటిలోనే చుట్టి ఇస్తోంది. మంచం కింద, అటక మీద, బియ్యం డబ్బాలో కూడా వెతికాను. వెతుకుతున్నంతసేపూ ఆమె గుమ్మం బయట నిలబడి వాన చూసింది.

ఒక్క కవరు కూడా లేదు.

అయినా నోరు తిన్నగా ఉండలేదు. "నిన్న రాత్రే తీసి పారేసిందేమో," అని త్రినాథరావుతో మెల్లగా అన్నాను. పోలమ్మకి వినబడిందనుకుంటాను.

పక్క ఇంటికి వెళ్ళాం. వంటింటి తలుపు వెనక మేకుకి ఒక కవరు వేలాడుతోంది. దాని నిండా కవర్లు. కడిగి, దులిపి, మడతపెట్టి దాచిన కవర్లు. అడుగున ఉన్నవి ఒకదానికొకటి అంటుకుని తెల్లగా జారుతున్నాయి.

"యాభై రూపాయలెట్టి కొన్నది కదమ్మా," అంది ఆ ఇంటావిడ. "గంగాళంలో ఎలగ పారేత్తాం?"

దాని తర్వాతి ఇల్లు. కుక్కరు అట్టపెట్టెలో. ఆ తర్వాతి ఇంట్లో దేవుడి పటాల వెనక. అప్పలసూరి ఇంట్లో తలగడ గలీబులో. ఆమె నన్ను చూడలేక కొంగు నోట్లో కుక్కుకుంది. త్రినాథరావు ఇంట్లో, రూలు అమలు చేసే ఆ మనిషి ఇంట్లో, పరుపు కింద పొరలు పొరలుగా.

ఎవరూ బయటి నుంచి తేలేదు. అన్నీ మా కొట్లోవే. ఊరికే ఇచ్చినన్నాళ్ళూ వాడి, తెచ్చి, మరిగే నీళ్ళలో పడేశారు. డబ్బు పెట్టగానే ఆ కవరు వస్తువైపోయింది, ఇంటికొక మూల చేరింది. గంగాళం ఎందుకు ఖాళీ అయిందో నాకు అప్పుడు తెలిసింది. నేను మురిసిపోయింది దాన్ని చూసే.

చివరికి మా ఇల్లు. "మా ఇంట్లో నేను ఒక్కటీ కొనలేదు," అన్నాను. అది నిజం. నేను కొనలేదు.

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. త్రినాథరావు వంటిల్లు చూశాడు, అటక చూశాడు. బీరువా దగ్గర ఆగి ఆయన వైపు చూశాడు. ఆయన తల దించుకున్నారు.

గొళ్ళెం నేనే తీశాను. పై అరల్లో మందు నీళ్ళ సంచులు, గొట్టాలు. కింది అరలో పాత తువ్వాలు కింద కవర్లు. నేను మెట్లు తుడిచే వేళకి ఆయన మెల్లగా కొట్టుకి వెళ్ళి బిస్కెట్లూ సగ్గుబియ్యం తెచ్చుకునేవారట. సంచి పట్టుకెళ్ళడం మరిచిపోయి కవరు కొనేవారట. రూలు పెట్టిన దాని మొగుడే కవరు కొన్నాడంటే నాకు నామోషీ అని దాచారు. బీరువా ఒక్కటే ఇంట్లో పొడి చోటు అని అందులో పెట్టారు.

"పారెయ్యబుద్ధి కాలేదే," అన్నారు. "డబ్బిచ్చి కొన్నది..."

పై అరలోని గొట్టం ఒకటి తీసి రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాను. జారింది.

భాద్రపదం, శనివారం

ఉన్న గొట్టాలన్నీ కాల్చేశాం. కొత్తవి ఆసుపత్రి బండిలో రావాలి. వాలు దగ్గర రోడ్డు తెగిపోయింది కనుక బండి రాదు. పొద్దున్న ఆయన పొట్టలోంచి దించిన నీళ్ళు బియ్యం కడుగులా తెల్లగా ఉన్నాయి. జ్వరం. పొట్ట ముట్టుకోనివ్వడం లేదు. ఫోన్లో డాక్టరు ఒక్కటే మాటన్నాడు, వెంటనే తీసుకురమ్మని.

ఎలా తీసుకెళ్ళాలి? పట్నం దాకా నీళ్ళే. పడవ ఉన్నది పోలమ్మ మరిది దగ్గర.

ఆమె గుమ్మం దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చాను. మూడోసారి తలుపు దానంతటదే తెరుచుకుంది.

"పైన ములుగు ఇనబడతంది," అంది పోలమ్మ. "మా మరిదికి కబురెట్టీసేను. నాలుగు దుప్పట్లు అట్టుకురా. మంచంతోటే దించాల."

అడక్కుండానే ఎందుకు ఒప్పుకుంది? ఇంత జరిగాక కూడా నా మనసులోకి మొదట వచ్చింది ఆ ప్రశ్నే.

త్రినాథరావు మంచానికి ఒక కోడు పట్టాడు, పోలమ్మ ఒక కోడు పట్టింది. పడవ మా ఊళ్ళ పాత కొబ్బరి తోటల మీదుగా వెళ్ళింది. నీళ్ళలోంచి మట్టలు లేని మొద్దులు నిలబడి ఉన్నాయి. ఒకచోట ఆయన కళ్ళు తెరిచి, "ఇది మన తోటేనా?" అన్నారు. కాదు, ఇంకా అవతల. అయినా అవునన్నాను.

పోలమ్మ తెడ్డు వేస్తోంది. చాలాసేపటికి ఆమెతో అన్నాను, "నేను అన్నదానికి..."

"నీ మీద కోపం పోనేదు," అంది, నా వైపు తిరక్కుండానే. "పోదు కూడాను. అలగని ఈ మనిసిని సంపీసుకుని తీర్సుకోమంటావేటి?"

ఆశ్వయుజం, సోమవారం

బతికారు. పొట్టలో గొట్టం తీసేశారు. ఇంట్లో నీళ్ళు మార్చుకోవడం ఇక కుదరదు. వారంలో మూడు రోజులు ఆసుపత్రి మిషనుకి వెళ్ళాలి. అంటే పట్నంలోనే ఉండాలి.

నిద్రలేవగానే ఆయన అడిగిన మాట, "పోలమ్మకి చెప్పావా, కవర్లు నేనూ దాచానని?"

"ఆమెకి తెలుసు. బీరువా సంగతి బిల్డింగంతా తెలిసింది కదా."

"తెలియడం వేరు. మనం చెప్పడం వేరు," అన్నారు.

ఆశ్వయుజం, ఆదివారం

బట్టలకీ గిన్నెలకీ మెట్ట కాలనీ వెళ్ళాను. సెక్రెటరీ పని వదిలేస్తున్నానని చెప్పడానికి మీటింగు పెట్టించాను. వైర్లు మార్చారు, కరెంటు వచ్చింది.

రుసుము తీసెయ్యాలని త్రినాథరావు మొదలుపెట్టాడు. తీసేస్తే మళ్ళీ బాల్కనీల్లోంచి కవర్లు ఎగురుతాయి, మూడో బిల్డింగు గతే మనకీ అన్నాను. ఉంచితే దాచుకుంటారని ఎవరో అరిచారు. అదీ నిజమే. అప్పుడన్నాను, యాభై తీసుకోండి, కానీ కవరు గంగాళంలో పడిన రోజు ఆ యాభై తిరిగి ఇచ్చెయ్యండి. ఊరికే ఇస్తే కవరుకి విలువ లేదు. డబ్బు ఉంచేసుకుంటే దాన్ని పారెయ్యబుద్ధి కాదు. తిరిగి ఇస్తే ఎవరి ఇంట్లోనూ ఉండదు.

"తిరిగిత్తారని ఏటి నమ్మకం?" అన్నారు వెనకనుంచి.

ఆ అనుమానం ముందు నాకే రావాలి. నవ్వొచ్చింది, ఆపుకున్నాను. డబ్బు ఎవరి దగ్గర ఉండాలనే దాని మీద చాలా గొడవైంది. త్రినాథరావు దగ్గర వద్దన్నారు. అప్పలసూరి దగ్గరా వద్దన్నారు. కవరు దాచనిది పోలమ్మ ఒక్కతే కదా, ఆమె పట్టాలని ఎవరో అన్నారు. చేతులు లేచాయి.

పోలమ్మ నిలబడింది. "నాకొద్దు," అంది. "రేపు లెక్కలో పది తక్కువొచ్చినా, మెట్ల మీద వైరు జారినా, మీరందరూ సూసేది నా గుమ్మమే. మొన్న నన్నొగ్గీసి పక్కకి జరిగింది ఎవరో నాకు గురుతే. ఇంటికో రోజు, వంతులెట్టుకోండి. ఎవలి వంతు నాడు ఆల్నే అనుమానించుకోండి."

అదే ఖాయమైంది. నన్నూ అడిగారు, సరేనా అని. నేను చెయ్యెత్తాను.

తర్వాత ఆమె దగ్గరికి వెళ్ళాను. అందరి ముందూ నా తప్పు ఒప్పుకున్నాను. ఆమె తల ఊపింది, తట్ట ఎత్తుకుంది, వెళ్ళిపోయింది.

కార్తీకం, బుధవారం

ఇది బిల్డింగుకి అక్కరలేని రాత. అలవాటు కొద్దీ రాస్తున్నాను.

పట్నంలో ఆసుపత్రి వెనక ఒక గది దొరికింది. మేము సామాను దించుతుంటే పక్కింటావిడ వచ్చి ఎక్కడి నుంచి అని అడిగింది. మెట్ట కాలనీ అన్నాను. ఆమె మొహం మారింది. "అక్కడ జిగటొచ్చింది కదండీ? సామాను బయటే ఉంచండి, చూడాలి." ఇంకో ఇద్దరొచ్చారు. ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, మా గిన్నెలు, బట్టలు, మందులు ఒక్కొక్కటీ వానలో విప్పి చూశారు. ఆయన తలగడ కుట్లు విప్పారు. వాళ్ళు చేసింది న్యాయమే. నేనైనా అదే చేసేదాన్ని. అయినా కిందికి చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం పోలమ్మకి ఫోన్ చేశాను. ఎత్తదనుకున్నాను.

"ఏటి?" అంది.

ఏం చెప్పాలో సిద్ధం చేసుకోలేదు. అవతల వాన చప్పుడు, ఎవరో చేపల బేరమాడుతున్న చప్పుడు. ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. ఆ తలగడ సంగతితో మొదలుపెట్టాను.